నాన్న ఫోన్లో వెబ్ పేజీ: 22 వారాల డైరీ

నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. 8, 9 తరగతుల పిల్లలు. నేను హైదరాబాద్‌లో నా గదిలో కూర్చుని చెప్తాను, వాళ్ళు ఊళ్ళో ఇంటి దగ్గర నుంచి వింటారు. చెప్పేది వెబ్ పేజీలు రాయడం: పేజీలో ఏముండాలో చెప్పే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనబడాలో చెప్పే సీఎస్‌ఎస్, చివర్లో పేజీతో పని చేయించే జావాస్క్రిప్ట్ కాస్త. ఆ బడిలో లెక్కలు చెప్పే సారు నా ఇంటర్ క్లాస్‌మేట్, ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించింది అతనే. ఎందుకు మొదలుపెట్టానన్నది వదిలేస్తున్నా, దానితో మీకు పనిలేదు. ఎక్కడెక్కడ పాడైందో, ఏం మార్చానో రాస్తున్నా. మీ ఊరి పిల్లలకు ఇలాంటిది చేయాలనుకుంటే నేను పోగొట్టుకున్న మొదటి రెండు నెలలు మీకు మిగులుతాయి.

పిల్లల పేర్లు రాయను. మొదటి రోజే ఒక్కొక్కరూ ఒక పువ్వు పేరో పిట్ట పేరో పెట్టుకున్నారు, వాళ్ళ ఫోల్డర్ పేరు కూడా అదే. కాబట్టి ఇక్కడ తంగేడు, గునుగు, పాలపిట్ట అని వస్తే అవి పిల్లలే.

దశ 1: వీడియో క్లాసు (వారం 1, 2)

18 మంది పేర్లిచ్చారు. సోమవారం, గురువారం సాయంత్రం 6 గంటలకు గూగుల్ మీట్ పెట్టాను. ఉచిత ఖాతాతో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే 60 నిమిషాలే నడుస్తుంది కదా, 55 నిమిషాలకు పాఠం కట్ చేసుకుని, లాప్‌టాప్ తెర షేర్ చేస్తూ చెప్పాను. మొదటి క్లాసుకు 14 మంది. రెండో క్లాసుకు 9. మూడో దానికి 6, నాలుగో దానికి 5.

పిల్లలకు ఆసక్తి తగ్గిందనుకున్నా. లెక్కల సారు ఫోన్ చేసి, "అరే, ఫోన్ ఎవరిదో అడిగినవా నువ్వు?" అన్నాడు. అడగలేదు. అప్పుడు కూర్చుని ఒక్కొక్క ఇంటి లెక్క రాసుకున్నాం:

18 మంది పిల్లలు, 16 ఫోన్లు (రెండు ఇళ్ళలో అన్నాచెల్లెళ్ళున్నారు). పిల్లల సొంత ఫోన్లు 0. లాప్‌టాప్‌లు 0. సాయంత్రం 6కి ఇంట్లో ఉండే ఫోన్లు 6. రాత్రి 8కి ఇంట్లో ఉండే ఫోన్లు 13. ఫోన్ నాన్న జేబులో చేను దగ్గరుంటుంది, ఆయనొచ్చి స్నానం చేసి అన్నం తినేటప్పుడు ఖాళీ అవుతుంది. ఇంత చిన్న విషయం టైమ్‌టేబుల్ వేయకముందే అడగాల్సింది.

రెండోది డేటా. నా దగ్గరున్న పాత ఫోన్లో విడిగా చేరి కొలిచాను, 55 నిమిషాల తెర షేరింగుకు 410 ఎంబీ పోయింది. అంతసేపు నేను చూపించిందేమిటంటే కోడు రాసే నల్లటి ఎడిటర్, అందులో ఓ పది లైన్లు.

మూడోది నాకు నిజంగా సిగ్గనిపించింది. అదే పాత ఫోన్‌ను నిలువుగా పట్టుకుని నా తెర మీది అక్షరం ఎంతుందో స్కేలు పెట్టి చూశాను. 1920 పిక్సెళ్ళ వెడల్పున్న తెర ఆరున్నర సెంటీమీటర్లలోకి దిగితే, 14 సైజు అక్షరం అర మిల్లీమీటరు కూడా లేదు. "కనబడుతుందా?" అని అడిగినప్పుడల్లా అందరూ "కనబడుతుంది సార్" అనేవాళ్ళు. సారు అడిగితే కనబడట్లేదని ఏ పిల్లలు చెప్తారు.

మార్చినవి:

1. వీడియో క్లాసు పూర్తిగా ఆపేశాను.
2. పాఠాన్ని 4 నిమిషాలకు మించని వీడియోగా ఫోన్లోనే, ఫోన్ తెరనే రికార్డు చేశాను. పిల్లలు చూసే ఎడిటర్, నేను వాడే ఎడిటర్ ఒకటే. ఒక్కో వీడియో 10 ఎంబీ లోపు.
3. వీడియో పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పడుతుంది, ఎవరికి ఎప్పుడు వీలైతే అప్పుడు చూస్తారు.
4. రాత్రి 8.15కి 25 నిమిషాల వాయిస్ కాల్, డౌట్లకు మాత్రమే.

వారం తిరిగేసరికి 11 మంది తేలారు. మిగతా ఏడుగురిలో నలుగురికి ఫోన్ దొరకదు, ముగ్గురికి నిజంగానే ఇష్టం లేదు. ఇష్టం లేనివాళ్ళను బతిమాలలేదు.

ఇప్పటివరకు: 2 వారాలు, పిల్లలు 11, నా సమయం 15 గంటలు, ఖర్చు 0.

దశ 2: బొటనవేలితో కోడు (వారం 3 నుంచి 5)

ఫోన్లో కోడు రాయడమంటే ఏమిటో నాకు తెలియదు. రాయకుండానే చెప్పడం మొదలుపెట్టాను. మీరు కూడా ఒక్కసారి రాసి చూడండి, పేరా ట్యాగు (ఇక్కడ పేరా మొదలవుతుందని బ్రౌజర్‌కు చెప్పేది) తెరవాలంటే మూడు గుర్తులు: కోణపు బ్రాకెట్టు, పి, కోణపు బ్రాకెట్టు. మామూలు ఫోన్ కీబోర్డులో నేను లెక్కపెట్టిన నొక్కుళ్ళు 8. అంకెల పేజీకి ఒకటి, అక్కణ్ణుంచి గుర్తుల పేజీకి ఒకటి, బ్రాకెట్టుకు ఒకటి, అక్షరాల పేజీకి ఒకటి, పి ఒకటి, మళ్ళీ అంకెలు, మళ్ళీ గుర్తులు, మళ్ళీ బ్రాకెట్టు. ఇది తెరవడానికి మాత్రమే, మూసే ట్యాగుకు గీత అదనం. తంగేడు దీన్ని "మూడు ఇళ్ళు దాటి నీళ్ళు తెచ్చినట్టుంది సార్" అంది.

మొదటి పని: ఒక శీర్షిక, ఒక పేరా, ఒక ఫొటో ఉన్న పేజీ. 11 మందికి సగటున పట్టింది 41 నిమిషాలు. నా లాప్‌టాప్‌లో 2 నిమిషాలు కూడా పట్టదు.

మొదట డబ్బు పెట్టి సరిచేద్దామనుకున్నా. 350 చొప్పున రెండు యూఎస్‌బీ కీబోర్డులు, వాటిని ఫోన్‌కు తగిలించడానికి 80 చొప్పున రెండు ఓటీజీ కేబుళ్ళు కొని, బస్సెక్కి ఊరెళ్ళి ఇచ్చొచ్చాను. ప్రయత్నించిన 6 ఫోన్లలో 3 వాటిని గుర్తే పట్టలేదు, ఒకదాంట్లో చార్జింగ్ పిన్ను వదులై కదిలితే ఊడిపోతోంది. పైగా రెండు కీబోర్డులు పదకొండు ఇళ్ళు తిరగాలి. ఇప్పుడవి లెక్కల సారు బీరువాలో ఉన్నాయి. ఆ 860 రూపాయలు మీరు పెట్టకండి.

పనిచేసింది ఉచితంగా దొరికింది. ఏకోడ్ అనే ఎడిటర్‌లో కీబోర్డు పైన ఒక గుర్తుల వరుస ఉంటుంది, బ్రాకెట్లు అక్కడే ఒక్క నొక్కుడులో దొరుకుతాయి. దానికి ముందు నేను వాడమన్నది మామూలు నోట్స్ యాప్. ఎందుకంటే "ఎడిటర్ ఏదైనా ఒకటే" అని అప్పట్లో నా గట్టి అభిప్రాయం.

ఆ తర్వాత బయటపడింది కీబోర్డు తెలివి. వాక్యం మొదట్లో పెద్దక్షరం వేస్తుంది, రెండుసార్లు స్పేస్ కొడితే చుక్క పెడుతుంది, తెలియని మాట కనబడితే తెలిసిన మాటగా దిద్దుతుంది. ఉత్తరాలకు బాగుంటుంది, కోడుకు చెదలు. అవన్నీ ఆపేయమని చెప్పాను, ఆపారు. రెండు రోజులకు గునుగు వాళ్ళ నాన్న కాల్‌లోకొచ్చి, "సారూ, మావోడు ఫోన్‌కు ఏం జేసిండో, నేను కొట్టిన మాట దానంతటది సక్కగైతలేదు" అన్నాడు. ఆయన ఎరువుల కొట్టుకు మెసేజ్ పెట్టేది ఆ దిద్దుబాటు మీద భరోసాతోనే. ఫోన్ నాన్నదని దశ 1లో నేర్చుకుని కూడా దశ 2లో మర్చిపోయానన్నమాట. క్షమించమని అడిగి, పద్ధతి ఇలా మార్చాం:

1. నాన్న కీబోర్డును ముట్టుకోవద్దు. సెట్టింగ్స్ వెనక్కి పెట్టేయండి.
2. ఇంకో ఉచిత కీబోర్డు వేసి, దాంట్లో మాత్రమే ఆటో అన్నవన్నీ ఆపండి.
3. ఎడిటర్ తెరవగానే దానికి మారండి. పని అయ్యాక వెనక్కి మార్చి ఫోన్ ఇవ్వండి.

ఇంకో తప్పు పూర్తిగా నాది. నోట్సును గూగుల్ డాక్స్‌లో రాసి పీడీఎఫ్ పంపేవాణ్ణి. డాక్స్ మామూలు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చేస్తుంది. పిల్లలు పీడీఎఫ్ నుంచి కాపీ చేసి అతికిస్తే లింకులు, ఫొటోలు ఒక్కటీ పనిచేయలేదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, బ్రౌజర్‌కు మాత్రం వంకర గుర్తు కొటేషనే కాదు. రెండు రాత్రులు "స్పెల్లింగ్ చూసుకో, స్పెల్లింగ్ చూసుకో" అని పిల్లలను సతాయించాను, వాళ్ళు రాసింది అక్షరం పొల్లుపోకుండా సరిగ్గానే ఉంది. అప్పటి నుంచి నోట్సు కూడా మామూలు టెక్స్ట్ ఫైలే. ట్యాగుల చార్టు ఒకటి 120 రూపాయలకు ప్రింట్లు తీయించి అందరికీ పంచాను, గోడకు అతికించుకున్నారు.

అదే పేజీ మళ్ళీ చేయిస్తే సగటు 17 నిమిషాలు. చాలు.

ఇప్పటివరకు: 5 వారాలు, పిల్లలు 11, నా సమయం 29 గంటలు, ఖర్చు 1,320 (కీబోర్డులు, కేబుళ్ళు 860, బస్సు 340, ప్రింట్లు 120).

దశ 3: తెలుగు పిచ్చి అక్షరాలైంది (వారం 6 నుంచి 8)

ఎవరి ఊరి గురించి వాళ్ళు తెలుగులో పేజీ రాశారు. ఎడిటర్‌లో చక్కగా కనబడింది. అదే ఫైలును పాలపిట్ట తన స్నేహితుడికి వాట్సాప్‌లో పంపితే, ఆ ఫోన్లో తెలుగు బదులు టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు, ప్లస్ మైనస్ గుర్తులు వచ్చాయి. "వైరస్ వచ్చింది సార్" అని గ్రూపంతా గోల.

కారణం ఒక్క లైను. నేనిచ్చిన నమూనా ఫైల్లో, ఇది యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి) అని బ్రౌజర్‌కు చెప్పే మెటా ట్యాగు లేదు. ఆఫీసులో ఆ లైను టూలే వేసేస్తుంది, నేను చేత్తో రాసి ఏళ్ళయింది. సరిచేయడం 1 నిమిషం పని, కానీ ఇక్కడ ఆగాను. ఆ పిచ్చి అక్షరాలే మంచి పాఠమనిపించింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. "తెలుగు" అనే మాటలో మూడు అక్షరాలకు మూడు గుణింతపు గుర్తులు కలిపి 6, అంటే 18 బైట్లు. ఏ పద్ధతో తెలియని బ్రౌజర్ ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివేస్తుంది. అంతా చెప్పి, లెక్కపెట్టి చూడమన్నాను. పాలపిట్ట 16 అన్నాడు. 18 ఉండాలి కదా అని మళ్ళీ లెక్కపెట్టమంటే మళ్ళీ 16. ఇద్దరం కూర్చుని చూస్తే వాడిదే కరెక్టు, "లు"లోని కొమ్ముకొకటి, "గు"లోని కొమ్ముకొకటి, మొత్తం రెండు బైట్లు కంటికి కనబడని గుర్తులుగా మారుతున్నాయి. నేనైతే 18 అని చెప్పి పాఠం ముగించేవాణ్ణి.

ఇంకో రెండు చిన్న మార్పులు. ఇంగ్లిష్‌కు సరిపోయే లైను ఎత్తు 1.2 తెలుగుకు చాలదు, పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతున్నాయి. 1.7 పెట్టాక బాగుంది. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి, శీర్షికకు రామభద్ర, రాతకు మండలి వేసి చూపించాను, పిల్లలకు నచ్చాయి. డేటా తక్కువున్న ఇళ్ళలో ఫాంటు దిగేవరకు పేజీ వెలితిగా ఉంటోందని శీర్షికకు మాత్రమే ఉంచి, మిగతాది ఫోన్లో ఉన్న ఫాంటుకే వదిలేశాం.

ఒకమ్మాయి హాస్టల్‌కు వెళ్ళిపోయింది, అక్కడ ఫోన్ ఇవ్వరు.

ఇప్పటివరకు: 8 వారాలు, పిల్లలు 10, నా సమయం 38 గంటలు, ఖర్చు 1,320.

దశ 4: బతుకమ్మను పేర్చడం (వారం 9 నుంచి 13)

సీఎస్‌ఎస్‌కు మొదట నేననుకున్న పని, ఒక మొబైల్ షాపు పేజీ. రెండు వారాలు ఎవరూ పూర్తి చేయలేదు. రంగుల పెట్టెలు, మెనూలు వాళ్ళకేం పట్టింది. పండగ దగ్గరపడుతోంది కదా అని తంగేడు, "బతుకమ్మ చేద్దామా సార్" అని అడిగింది. నా పాఠాల ప్లాన్ మొత్తం పక్కన పెట్టాల్సొచ్చింది, పెట్టాను.

మొదటి భాగం తొమ్మిది రోజుల జాబితా. వరుస సంఖ్యలుండే జాబితా ట్యాగుకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, ఎందుకంటే ఇక్కడ వరుస తప్పితే ఇంట్లో అమ్మమ్మ ఒప్పుకోదు: ఎంగిలిపూల బతుకమ్మ, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల. నేను నాలుగు, ఐదు తారుమారు చేసి పంపితే గ్రూపులో ఏడుగురు దిద్దారు. కోడులో తప్పు పడితే ఒక్కరూ మాట్లాడని పిల్లలు.

రెండో భాగం బొమ్మ. ఫొటో పెట్టొద్దు, సీఎస్‌ఎస్ పెట్టెలతోనే పేర్చాలి:

1. ఐదు డివ్‌లు (పెట్టెలు) ఒకదాని మీద ఒకటి. వెడల్పులు పై నుంచి 30, 45, 60, 75, 90 శాతం.
2. ఎడమ, కుడి మార్జిన్లు (పెట్టె బయటి ఖాళీలు) ఆటో. అప్పుడే మధ్యలోకొస్తాయి.
3. అంచులు గుండ్రంగా.
4. రంగులు: కింద తంగేడు పసుపు, దాని మీద గునుగుకు గులాబీ, తర్వాత కట్లపూల నీలం, బంతి నారింజ, ఆ పైన మళ్ళీ తెలుపు గునుగు.
5. శిఖరాన గౌరమ్మకు చిన్న పసుపు గుండ్రం.

నేను పంపిన మొదటి వీడియోలో శాతాలు లేవు, అడుగు వెడల్పు 600 పిక్సెళ్ళు అని పెట్టాను. నా లాప్‌టాప్‌లో ముద్దుగా ఉంది. పిల్లల ఫోన్లలో కూడా పట్టింది, కానీ అక్షరాలన్నీ చీమల్లా ఉన్నాయి. అక్షరాలెందుకు చిన్నవని అడిగితే "ముందు నుంచీ అంతే సార్" అన్నారు. ముందు నుంచీ! నమూనా ఫైల్లో వ్యూపోర్ట్ లైను కూడా లేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీ వెడల్పు 980 పిక్సెళ్ళనుకుని గీసి, మొత్తాన్ని తెరకు సరిపడా కుదిస్తుంది. వీళ్ళ ఫోన్ల వెడల్పు 360. అంటే 16 అని రాసిన అక్షరం 6 లాగా కనబడుతుంది. నెలన్నర పాటు పిల్లలు తమ పేజీలను తామే రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని చదువుకున్నారు, వెబ్ పేజీలంటే ఇలాగే ఉంటాయనుకున్నారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, నేనూ వాళ్ళ తెర ఫొటో ఒక్కటీ అడగలేదు.

ఆ లైను వేయగానే అక్షరాలు పెద్దవయ్యాయి, 600 పిక్సెళ్ళ బతుకమ్మ తెర దాటి కుడివైపుకు పోయింది. అప్పుడు శాతాలకు మారాం. నమూనా ఫైలు మూడోసారి మార్చాను. ఈసారి నాలుగు ఫోన్లలో తెరిపించి, తెర ఫొటోలు తెప్పించుకున్నాకే పంపాను.

గునుగు బతుకమ్మ తలకిందులుగా వచ్చింది, 90 శాతం పైన, 30 కింద. వాడికి చెప్పబోతే, "ఉండనీ సార్, చెరువుల ఇడిసినంక ఇట్లనే అయితది" అన్నాడు. ఉండనిచ్చాను.

డేటా అయిపోయిన ఐదుగురికి 29 చొప్పున టాప్‌అప్ వేశాను.

ఇప్పటివరకు: 13 వారాలు, పిల్లలు 10, నా సమయం 54 గంటలు, ఖర్చు 1,465.

దశ 5: నెట్‌లో పెట్టడం (వారం 14 నుంచి 16)

దసరా సెలవులు. పిల్లలు ఇంట్లో పేర్చిన నిజం బతుకమ్మల ఫొటోలు కూడా పేజీకి ఎక్కించారు, ఇక పేజీలను గిట్‌హబ్ పేజెస్‌లో (వెబ్ పేజీలను నెట్‌లో ఉంచే సేవ) పెట్టాలి. ఒక్కొక్కరికి ఖాతా చేయించాలనుకుని ఆగాను. ఖాతాకు కనీసం 13 ఏళ్ళుండాలి, ఇద్దరికి లేవు. ఉన్నవాళ్ళకు కూడా నాన్న నంబరు, ఈమెయిలు, రెండో దశ ధ్రువీకరణ, అంతా ఇంకొకరి ఫోన్ మీద. అందుకని నా ఖాతాలో ఒకటే రిపాజిటరీ (ఫైళ్ళుంచే చోటు), అందులో తలా ఒక ఫోల్డరు. మొహాలు కనబడే ఫొటోలు వద్దు, ఊరి పేరు వద్దు, బడి పేరు వద్దు. ఈ మూడింటి గురించి తల్లిదండ్రులకు కాల్‌లో చెప్పి, సరేనన్నాకే ఎక్కించాను.

మొదటి రాత్రి 9 పేజీలు ఎక్కించాను, 7 పేజీల్లో ఫొటోల్లేవు. రెండు వేర్వేరు తప్పులు కలిసి వచ్చాయి, విడదీయడానికి మూడు గంటలు పట్టింది.

మొదటిది పేర్లు. ఫైలు పేరు చివర పెద్దక్షరాల్లో జేపీజీ, కోడులో చిన్నక్షరాల్లో జేపీజీ. ఫోన్లో నడిచిపోయింది, గిట్‌హబ్ పేజెస్‌లో ఈ రెండూ వేర్వేరు ఫైళ్ళు. బంతి పేజీ అసలు తెరుచుకోనేలేదు, ఎందుకంటే ఇండెక్స్ (మొదట తెరుచుకునే ఫైలు) పేరులో మొదటి అక్షరం పెద్దది.

రెండోది వాట్సాప్ ద్వారా పంపించుకోవడం. ఫొటోను ఫొటోగా పంపితే అది కుదించి, తేదీతో కొత్త పేరు పెట్టేస్తుంది. కోడేమో పాత పేరు కోసం వెతుకుతుంది. పిల్లలు రాసింది సరైనదే, నా దగ్గరకొచ్చిన ఫైలు పేరే మారిపోయింది.

ఇప్పుడు వాడుతున్న పద్ధతి:

1. ఫైళ్ళ పేర్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా.
2. ఎక్కించే ముందు ఫొటోను స్క్వూష్ సైట్‌లో 800 పిక్సెళ్ళ వెడల్పుకు కుదించాలి. తంగేడు ఫొటో 4.2 ఎంబీ నుంచి 90 కేబీకి వచ్చింది, ఫోన్లో తేడా కనబడదు.
3. ఫోల్డరు మొత్తం జిప్ చేసి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి.
4. ఎక్కించేది ఆదివారం ఒక్కరోజే.

నాలుగోది నా కోసం. అంతకు ముందు రోజుకు మూడు నాలుగు జిప్‌లు వచ్చేవి, ప్రతిదీ అప్పటికప్పుడు ఎక్కించమని. ఆదివారానికి మార్చాక ఒక విచిత్రం జరిగింది, వారమంతా ఆగాలి కాబట్టి పంపే ముందు తామే రెండుసార్లు చూసుకోవడం మొదలైంది.

సద్దుల నాడు ఊరెళ్ళాను, బస్సుకు 340. తంగేడు వాళ్ళ అమ్మమ్మకు పేజీ చూపించారు. ఆమె కాసేపు చూసి, "పూలు ఇంకా ఒత్తుగ పేర్వాలె" అంది. తంగేడు డివ్‌ల మధ్య మార్జిను 6 నుంచి 0 చేసింది.

ఒకబ్బాయి కుటుంబం పనికి హైదరాబాద్ వచ్చేసింది, మళ్ళీ కలవలేదు.

ఇప్పటివరకు: 16 వారాలు, పిల్లలు 9, నా సమయం 72 గంటలు, ఖర్చు 1,805.

దశ 6: పత్తి, కూలి లెక్క, "రాలేదు సార్" (వారం 17 నుంచి 22)

పత్తి ఏరే రోజులు. వాయిస్ కాల్‌కు వచ్చేవాళ్ళు 9 నుంచి 4కి పడ్డారు, పగలంతా చేన్లో ఉండి రాత్రి 8.15కి నిద్ర ఆపుకోలేరు. ఈసారి కంగారుపడలేదు. కాల్‌ను ఆదివారం మధ్యాహ్నానికి మార్చి, వారానికి ఒకటే వీడియో పంపాను. ఇంకా మంచి పనేంటంటే, పత్తినే ప్రాజెక్టు చేసుకున్నాం: కూలి లెక్క పేజీ. పొద్దున ఏరిన కిలోలు, మధ్యాహ్నం ఏరిన కిలోలు, కిలో రేటు, మూడు గడులు. బటన్ నొక్కితే మొత్తం.

కట్లపువ్వు మొదట తయారుచేసి వాళ్ళమ్మకు చూపించింది. పొద్దున 12, మధ్యాహ్నం 15, రేటు 10. పేజీ చెప్పింది: మొత్తం 1215 కిలోలు, కూలి 12,150 రూపాయలు. "మా అమ్మ నవ్వుడే నవ్వుడు సార్, పటేలుకు ఈ ఫోనే సూపిద్దాం అంటుంది."

గడిలోంచి వచ్చేది అంకెలా కనబడినా జావాస్క్రిప్ట్‌కు అది రాత. రాతకు రాతను కలిపితే పక్కపక్కన అతికిస్తుంది, 12 పక్కన 15. తిక్కేమిటంటే గుణకారం మాత్రం సరిగ్గా చేస్తుంది, అందుకే ఒకే గడితో పరీక్షించినప్పుడు నాకు తప్పు కనబడలేదు. రెండు గడులకూ నంబర్ అని (రాతను అంకెగా మార్చే మాట) చుట్టితే 27 కిలోలు, 270 రూపాయలు. ఈ తప్పును ముందే చెప్పేసి ఉంటే పదకొండో నిమిషానికి మర్చిపోయేవాళ్ళు, ఇప్పుడు ఊళ్ళో చాలామందికి తెలుసు.

ఇదే ఊపులో పేరులో ఎన్ని అక్షరాలో చెప్పే పేజీ చేశాం. "బతుకమ్మ" అని కొడితే 7 అంది. పిల్లలు 4 అన్నారు. కొమ్మును ఒకటిగా, పొల్లును ఒకటిగా, ఒత్తుగా కనబడే మకారాన్ని ఇంకొకటిగా లెక్కపెడుతుందని చూపించాను. మనలా లెక్కపెట్టడానికి సెగ్మెంటర్ అనేది ఉంది, వాడితే కొన్ని ఫోన్లలో 4, కొన్నింట్లో 5 వచ్చింది. పాత బ్రౌజర్లు "మ్మ"ను రెండు ముక్కలు చేస్తున్నాయి. పరిష్కారం దొరకలేదు, అలాగే వదిలేశాం.

ఇక "రాలేదు సార్". వాట్సాప్‌లో నాకొచ్చే డౌట్లలో ఎక్కువ ఈ రెండు మాటలే, కింద ఓ ఫొటో, అది కూడా వంకరగా. ఒక రెండు వారాల మెసేజ్‌లు కూర్చుని లెక్కపెట్టాను: 40 డౌట్లు, అందులో 31 నాలుగే తప్పులు. మూయని ట్యాగు, మర్చిపోయిన కొటేషను, ఫైలు పేరు, పెద్దక్షరం. 31 సార్లూ నేనే వెతికి చెప్పాను. అంటే నాలుగు నెలలుగా నేర్పింది తప్పు వస్తే సారుకు ఫొటో పంపడం.

మార్చినవి:

1. డౌటు పంపేటప్పుడు మూడు రాయాలి: ఏం రాశావు, ఏం వస్తుందనుకున్నావు, ఏం వచ్చింది.
2. ముందు తనకు జంటగా పెట్టిన స్నేహితుడికి పంపాలి. ఒక రోజు చూసి దొరక్కపోతే నాకు.
3. జావాస్క్రిప్ట్ అయితే ఎర్రగా వచ్చిన లైను నంబరు పంపాలి.

మూడోది జావాస్క్రిప్ట్ మొదలైన రోజే చెప్పాల్సింది. ఫోన్లో ఎర్రర్లు కనబడవని నేనే అనుకుని, పిల్లలకూ అదే చెప్పాను. ఎడిటర్ ప్రివ్యూలోనే ఎర్రర్లు చూపించే కన్సోల్ ఉంది, మొదటి నుంచీ ఉంది. గునుగు ఆడుకుంటూ నొక్కి, "ఇదేంది సార్?" అని అడిగితే తెలిసింది.

తర్వాతి రెండు వారాల్లో నా వరకు వచ్చినవి 13. మూడు ప్రశ్నలు రాస్తుండగానే తప్పు దొరికి పంపకుండా ఆపేసినవి ఎన్నో తెలియదు. జంటల్లో ఒకటి కుదరలేదు, పాలపిట్ట అన్నీ తానే రాసిచ్చేస్తున్నాడు. విడదీసి బంతితో కలిపాను, ఆ అమ్మాయి ఫోన్ ఇవ్వదు, నోటితో చెప్పమంటుంది.

ఇప్పటివరకు: 22 వారాలు, పిల్లలు 9, నా సమయం 93 గంటలు, ఖర్చు 1,805. పూర్తయిన పేజీలు 23. వాడుకలో ఉన్నది ఒకటి, కూలి లెక్క, మూడు ఇళ్ళలో.

వారం 22, ఆదివారం

తొమ్మిది మంది పేజీలకు లింకులతో ఒక మొదటి పేజీ ఉండాలి కదా, అది నేను లాప్‌టాప్‌లో పదిహేను నిమిషాల్లో రాసి ఎక్కించి, లింకు గ్రూపులో పెట్టాను. రాత్రి 9.20కి తంగేడు నుంచి మెసేజ్.

"ఏం రాశారు: మీ పేజీ. ఏం వస్తుందనుకున్నా: పెద్ద అక్షరాలు. ఏం వచ్చింది: చీమలు. వ్యూపోర్ట్ లైను లేదు సార్."

తెరిచి చూశాను. లేదు. 9.40కి వేసి ఎక్కించి, చూడమన్నాను. తెర ఫొటో పంపింది, కింద "ఇప్పుడు వచ్చింది సార్" అని.

కాసేపాగి ఇంకో మెసేజ్. "జంటకు పంపకుండా మీకే పంపిన, ఎందుకంటే మీకు జంట లేరు కదా."

వచ్చే వారం నుంచి నా పేజీలకు తంగేడు జంట.